కర్నల్ రెయిన్స్‌బరో: సిపాయి సమ్మతి
(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి పేరిట మనం ఏటా ఇలా కలుస్తున్నామో ఆ మాస్టారు కాలేజీలో ఇంగ్లండు చరిత్ర చెప్పారు. రాజుల వంశావళి బోర్డు మీద రాసి ఊరుకోలేదు. ఆ రాజుల యుద్ధాలకు పన్ను ఎవరు కట్టారు, తిండిగింజలు ఎవరిచ్చారు, ప్రాణాలు ఎవరు పోగొట్టుకున్నారని అడిగేవారు. ఆ ప్రశ్నను నిండు సభలో, తనకన్నా పలుకుబడి ఉన్నవాళ్ల ముఖం మీదే అడిగిన ఒక సైనికాధికారి గురించి ఈ సాయంత్రం మాట్లాడతాను. పేరు థామస్ రెయిన్స్‌బరో. రాజు మొదటి చార్లెస్ మీద పార్లమెంటు చేసిన యుద్ధంలో కర్నల్. ముప్ఫై ఎనిమిదేళ్లకు అటూ ఇటుగా బతికాడు.

ప్రజాస్వామ్య చరిత్ర పుస్తకాల్లో ఆయన ఒక్క రోజు కనిపించి మాయమవుతాడు. 1647 అక్టోబర్ 29న, లండనుకు ఎగువన థేమ్స్ ఒడ్డున ఉన్న పట్నీ అనే ఊళ్లో, పేదవాడికీ ఓటు ఉండాలని వాదించినవాడిగా. ఆ పేరు ఆయనకు దక్కవలసిందే. కానీ ఆ వాదనను మాత్రం కోసి తెచ్చి గోడకు తగిలిస్తే, అది ఎవరి నోట వచ్చిందో మరిచిపోతాం. ఆయన తాత్త్వికుడు కాడు, వకీలూ కాడు. మనుషుల్ని నిచ్చెనలెక్కించి తుపాకుల ఎదురుగా పంపిన అధికారి. చావమని ఆజ్ఞ ఇవ్వగల అధికారం చేతిలో ఉన్న మనిషి, ఆ చావబోయేవాడి సమ్మతి గురించి మాట్లాడాడు. నాకు ముఖ్యమనిపించేది అదే.

ఆయన పుట్టింది 1610 ప్రాంతంలో. కుటుంబానిది వాపింగ్. లండన్ టవర్ కోటకు తూర్పున, ఓడ సరంగులు, తాళ్లు పేనేవాళ్లు, వడ్రంగులు, సారా దుకాణాలవాళ్లు కిక్కిరిసి బతికే రేవుపేట. తండ్రి విలియం పేరున్న నావికుడు. 1637లో మొరాకో తీరంలోని సాలె రేవును దిగ్బంధించి, అక్కడి ఓడదొంగల చేతుల్లో బానిసలై ఉన్న 300 మందికి పైగా బందీలను విడిపించుకొచ్చాడు. రాజు నైట్ బిరుదు ఇస్తానంటే వద్దని, బంగారు గొలుసుతో సరిపెట్టుకున్నాడు. ఆ విడుదలైనవాళ్లలో చాలామంది మామూలు ఓడ కూలీలు. స్వేచ్ఛ అనే మాట ఆ ఇంట్లో పుస్తకంలో చదివినది కాదు. కళ్లెదుట గొలుసులు తెగి తిరిగొచ్చిన మనుషులే దానికి అర్థం.

ఈ కుటుంబానికి అట్లాంటిక్ అవతలి ఒడ్డుతోనూ బంధుత్వం ఉంది. థామస్ చెల్లెళ్లలో ఒకామె మసాచుసెట్స్ గవర్నరు జాన్ విన్‌త్రాప్‌ను పెళ్లాడింది, ఇంకొకామె ఆయన కొడుకు స్టీఫెన్‌ను. అక్కడ స్థిరపడి, యుద్ధం రాగానే తిరిగి వచ్చిన కొందరు థామస్ రెజిమెంటులో అధికారులయ్యారు. అయితే బంధుత్వాన్ని బట్టి భావాలను ఊహించకూడదు. విన్‌త్రాప్‌కు ప్రజాస్వామ్యమంటే గిట్టేది కాదు.

యుద్ధం ఎందుకొచ్చిందో మీకు తెలుసు కనుక త్వరగా దాటేస్తాను. చార్లెస్ 1629 నుంచి పదకొండేళ్లు పార్లమెంటు లేకుండా పాలించాడు, దాని అనుమతి లేకుండా పన్నులు వసూలు చేశాడు, స్కాట్లండు మీద తనకు నచ్చిన ప్రార్థనా పద్ధతిని రుద్దబోయి అక్కడ తిరుగుబాటు తెచ్చుకున్నాడు. సైన్యం ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గర రాజీ కుదరలేదు. 1642 ఆగస్టులో నాటింగ్‌హామ్‌లో యుద్ధపతాకం ఎత్తాడు.

థామస్ మొదట పార్లమెంటు నౌకాదళంలో పనిచేశాడు. 1643లో రాజు సైన్యం హల్ రేవును ముట్టడించినప్పుడు దాన్ని కాపాడినవాళ్లలో ఒకడు. ఆ తర్వాత నేల మీది యుద్ధంలోకి దిగాడు. 1645లో పార్లమెంటు 22,000 మందితో కొత్త పద్ధతిలో ఒక సైన్యం కట్టింది. న్యూ మోడల్ ఆర్మీ అంటే అదే. సర్ థామస్ ఫెయిర్‌ఫాక్స్ దాని సేనాధిపతి. కాలిబంటుకు రోజుకు ఎనిమిది పెన్నీల జీతం. అందులో ఒక కాల్బలం రెజిమెంటుకు రెయిన్స్‌బరో కర్నల్. ఆ జూన్ 14న నేజ్‌బీ మైదానంలో రాజు ప్రధాన సైన్యం చితికిపోయినప్పుడు ఆయన రెజిమెంటు అక్కడుంది.

బ్రిస్టల్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 1645 సెప్టెంబర్ 10, తెల్లవారుజామున రెండు గంటలు. ఆ నగరాన్ని రాజు మేనల్లుడు ప్రిన్స్ రూపర్ట్ కాపాడుతున్నాడు. ఊరి చుట్టూ ఉన్న రక్షణ వరుసలో అన్నిటికన్నా గట్టిది ప్రయర్స్ హిల్ కోట. అది రెయిన్స్‌బరో వంతుకు వచ్చింది. ముప్ఫై మెట్ల నిచ్చెన వేసినా గోడ పైఅంచు అందీ అందనట్టుంది. పైనుంచి గుళ్లు, ఈటెలు. దాదాపు మూడు గంటలు ఆ గోడ కిందే ఉండి, ఎక్కి, పడి, మళ్లీ ఎక్కి కోటను పట్టారు. లోపలివాళ్లలో చాలామందిని చంపేశారు కూడా. ఆ రోజు అందరికన్నా కష్టమైన పని రెయిన్స్‌బరోదేనని పార్లమెంటుకు రాసిన ఉత్తరంలో సేనాపతుల్లో ఒకడైన ఆలివర్ క్రామ్‌వెల్ చెప్పాడు.

ఆ నిచ్చెన ఎక్కినవాళ్లెవరు? గుర్రపు దళాల్లో స్వచ్ఛందంగా చేరినవాళ్లు ఎక్కువ. కాల్బలం సంగతి వేరు. అందులో చాలామందిని బలవంతంగా పట్టుకొచ్చి చేర్చారు. ఊళ్లోకి వచ్చి పట్టుకుపోయేటప్పుడు సొంత భూమి ఉన్నవాడి జోలికి పోకూడదు. కూలివాడు, నౌకరు, పని దొరకని కుర్రాడు దొరికితే చాలు. రెండేళ్ల తర్వాత పట్నీలో రెయిన్స్‌బరో ఈ సంగతినే ఎత్తి చూపాడు. పెద్దమనుషులు తమలో తాము పోట్లాడుకుని, చంపడానికి, చావడానికి భూమి లేని బీదవాణ్ణి లాక్కొస్తున్నారని. ఎవరి దగ్గరో విని చెప్పిన మాట కాదది. ఆయన పిలుపు మీదే ఆ మనుషులు గోడ ఎక్కారు.

1646లో యుద్ధం ముగిసింది. రెయిన్స్‌బరో వూస్టర్ ముట్టడిని ముగించి ఆ పట్టణానికి గవర్నరయ్యాడు. కొద్ది నెలల్లో డ్రాయిట్‌విచ్ నుంచి కామన్స్ సభకు ఎన్నికయ్యాడు. ఇక శాంతి వచ్చినట్టేనని అందరూ అనుకున్నారు. పార్లమెంటుకు మాత్రం గెలిపించిన సైన్యమే బరువనిపించింది. కొంతమందిని ఐర్లండుకు పంపి, మిగతావాళ్లను ఇళ్లకు పొమ్మంది. జీతాలు నెలల తరబడి బాకీ. అన్నిటికన్నా సిపాయిలను కలచినది ఇంకొకటి. బాకీలు ఇమ్మని, యుద్ధంలో చేసిన పనులకు తర్వాత కోర్టుకు ఈడ్వకుండా రక్షణ ఇమ్మని అర్జీ రాసుకుంటే, అర్జీ రాసినవాళ్లను రాజ్యానికి శత్రువులని పార్లమెంటు ప్రకటించింది. అప్పుడు 1647 వసంతంలో రెజిమెంటు రెజిమెంటుకూ సిపాయిలు తమ ప్రతినిధులను తామే ఎన్నుకున్నారు. వాళ్లను ఏజిటేటర్లన్నారు. సైన్యంలో సిపాయిలు ఓటు వేసి తమ మాట చెప్పేవాణ్ణి ఎన్నుకోవడం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి.

రెయిన్స్‌బరో రెజిమెంటును జెర్సీ దీవి మీదికి పొమ్మని ఆజ్ఞ వచ్చింది. వాళ్లు వెళ్లలేదు. దారి మళ్లించి ఆక్స్‌ఫర్డ్ వైపు నడిచారు, అక్కడున్న ఫిరంగులు పార్లమెంటు చేతికి చిక్కకుండా. కామన్స్ సభలో కూర్చుని ఉన్న కర్నల్‌నే పార్లమెంటు పిలిచి, నీ మనుషుల్ని అదుపులో పెట్టమని పంపింది. ఆయన వెళ్లాడు, వాళ్లతోనే ఉండిపోయాడు. క్రమశిక్షణ అంటే ప్రాణమిచ్చే అధికారికి ఇది తేలికైన నిర్ణయం కాదు. ఆజ్ఞ మీరిన సిపాయిలను కాల్చే అధికారం ఉన్నవాడు, వాళ్ల వాదనలో న్యాయం ఉందని ఒప్పుకున్నాడు. ఓటు గురించి పట్నీలో ఆయన చెప్పినదానికి పునాది ఇక్కడే పడిందని నా నమ్మకం. ఆ ఆగస్టులో ఒక రాత్రి ఆయన బలగం సదర్క్ చేరగానే అక్కడి జనం తలుపులు తెరిచారు. సైన్యం లండనులో అడుగుపెట్టింది.

ఇక పట్నీ. సైన్యం ముఖ్యస్థానం అప్పుడు అక్కడ. అక్టోబర్ 28న సెయింట్ మేరీస్ చర్చిలో సైనిక మండలి కూర్చుంది. ఫెయిర్‌ఫాక్స్ లేడు, క్రామ్‌వెల్ అధ్యక్షుడు. ఒకవైపు సేనాపతులు. మరోవైపు సిపాయిల ప్రతినిధులు, వాళ్లతో లండను నుంచి వచ్చిన కొందరు పౌరులు. ఈ రెండోవైపు ఉద్యమానికే లెవెలర్లన్న పేరొచ్చింది. అందరినీ ఒకే మట్టానికి చదును చేస్తారని శత్రువులు పెట్టిన పేరది. వాళ్లు ఒక పత్రం తెచ్చారు. ప్రజల ఒప్పందం దాని పేరు. రాజు ఇచ్చేది కాదు, పార్లమెంటు ఇచ్చేదీ కాదు. జనం తమలో తాము చేసుకునే ఒప్పందం. మతం విషయంలో బలవంతం ఉండకూడదు, ఇష్టం లేనివాణ్ణి సైన్యంలోకి లాగకూడదు, చట్టం ముందు అందరూ ఒకటే. వీటిని ఏ పార్లమెంటూ కాదనలేని హద్దులుగా అందులో రాశారు.

మర్నాడు వాదన మొదటి అంశం మీదే ఆగిపోయింది. నియోజకవర్గాలు జనాభాను బట్టి ఉండాలని అందులో ఉంది. క్రామ్‌వెల్ అల్లుడు హెన్రీ ఐర్టన్ వెంటనే పట్టుకున్నాడు. అంటే ఊళ్లో ఉన్న ప్రతివాడికీ ఓటా, అని. అప్పట్లో జిల్లాల్లో ఓటు ఏడాదికి నలభై షిల్లింగుల విలువైన సొంత భూమి ఉన్నవాడికే. రెయిన్స్‌బరో లేచి చెప్పినదాని సారం ఇది. ఇంగ్లండులో అందరికన్నా పేదవాడికి కూడా బతకవలసిన బతుకు ఒకటుంది, అది గొప్పవాడి బతుకుకు తీసిపోదు. కనుక ఒక ప్రభుత్వం కింద బతకవలసినవాడు మొదట తన సమ్మతి ఇవ్వాలి. తన గొంతు కలవని ప్రభుత్వానికి ఏ పేదవాడూ ఖచ్చితంగా కట్టుబడి ఉండాల్సిన పని లేదు.

చాలామంది ఇక్కడ ఆపేస్తారు. ఆపకూడదు, ఎందుకంటే ఐర్టన్ జవాబు బలమైనది. రాజ్యంలో స్థిరమైన ఆసక్తి ఉన్నవాడే దాన్ని నడపాలి అన్నాడు. భూమి ఉన్నవాడు, పట్టణాల్లో వర్తక హక్కులు ఉన్నవాడు. మిగిలినవాడు ఈ రోజు ఇక్కడ ఉంటాడు, రేపు పోతాడు. ఇంకా లోతుగా ఇంకొకటి అడిగాడు. పుట్టుకతో వచ్చిన సహజ హక్కు పేరిట ఓటు అడుగుతున్నారు, అదే హక్కు పేరిట నా పొలం కూడా అడగరని నమ్మకమేమిటి? చట్టాన్ని పక్కనపెట్టి ప్రకృతి దగ్గరికి వెళితే ఆస్తి ఎక్కడ నిలుస్తుంది?

రెయిన్స్‌బరో కోప్పడ్డాడు. మమ్మల్ని అరాచకవాదులుగా చూపకండి అన్నాడు. దొంగిలించవద్దన్న దేవుని ఆజ్ఞ ఉండగానే ఆస్తికి రక్షణ ఉందన్నాడు. ఆ తర్వాత ప్రశ్నను తిప్పి ఐర్టన్ మీదే పెట్టాడు. ఓటు కొందరి ఆస్తి ఎలా అయింది? ఒక ప్రభువు ఇరవై మంది ప్రతినిధులను పంపవచ్చు, పేదవాడు ఒక్కణ్ణీ పంపకూడదు అని దేవుని చట్టంలో ఎక్కడుంది? సరే, ఓటు భూమి ఉన్నవాడికే అన్నారు. అయితే ఇన్నాళ్లూ సిపాయి దేనికి పోరాడాడు? డబ్బున్నవాడికి తన మీద అధికారం రాసివ్వడానికా? తనను తానే బానిసగా చేసుకోవడానికా? కర్నల్ తర్వాత సిపాయిల తరఫున ఎడ్వర్డ్ సెక్స్‌బీ లేచి, ఇంగ్లండులో చారెడు నేల లేనివాళ్లం మేం వేలమంది ప్రాణాలొడ్డామని, హక్కు లేదని ముందే చెప్పి ఉండవలసిందని అన్నాడు. ఆ గొంతులో కసి క్రామ్‌వెల్‌కు నచ్చలేదు.

తర్కంలో ఐర్టన్ ఓడిపోయాడని నేను అనను. ఆస్తికి, సమానతకు మధ్య ఆయన చూపిన చిక్కు ఈనాటికీ తీరలేదు. రెయిన్స్‌బరో గెలిచింది వేరేచోట. కట్టుబడి ఉండాలి అంటే అడిగి ఉండాలి అన్న సూత్రాన్ని, అడగకుండా లాక్కొచ్చిన సిపాయి శరీరం మీద నిలబెట్టాడు. ఆ సాక్ష్యానికి ఐర్టన్ దగ్గర జవాబు లేదు.

అయితే ఆ వైపు నిలబడినవాళ్లు కూడా చివరిదాకా వెళ్లలేదు. ఇంకొకరి ఇష్టాయిష్టాల మీద బతికేవాడు నిర్భయంగా ఓటు వేయలేడన్న కారణంతో నౌకర్లను, భిక్ష మీద బతికేవాళ్లను మినహాయించడానికి, లండను నుంచి వచ్చిన పౌరుల్లో ఒకడైన మాక్సిమిలియన్ పెట్టీ ఒప్పుకున్నాడు. ఆడవాళ్ల ఓటు మాట ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు. కొద్ది రోజులకే చర్చను ఆపి ప్రతినిధులను రెజిమెంట్లకు పంపేశారు. నవంబర్ 11న, సైన్యం కాపలాలో ఉన్న రాజు హాంప్టన్ కోర్ట్ నుంచి పారిపోయాడు. 15న వేర్ దగ్గర కార్క్‌బుష్ మైదానంలో సైన్యం సమావేశమైతే, రెయిన్స్‌బరో గుర్రం మీద వచ్చి ప్రజల ఒప్పందం ప్రతిని ఫెయిర్‌ఫాక్స్ చేతికి అందించాడు. ఫెయిర్‌ఫాక్స్ లెక్కచేయలేదు. ఆ పత్రాన్ని టోపీలకు గుచ్చుకుని వచ్చిన సిపాయిల నుంచి కాయితాలు లాక్కున్నారు. ముగ్గురి చేత చీట్లు వేయించి, రిచర్డ్ ఆర్నాల్డ్ అనే సిపాయిని సైన్యం ముందే కాల్చేశారు. కర్నల్ బతికాడు. డిసెంబరులో విండ్సర్‌లో జరిగిన ప్రార్థన సభలో సేనాపతులతో రాజీపడ్డాడు, అంతకుముందు తనకు రాకుండా ఆగిపోయిన నౌకాదళ వైస్ అడ్మిరల్ పదవి చేతికొచ్చింది. ఆర్నాల్డ్ పేరు పక్కన నిలబెట్టి చూస్తే ఈ రాజీ నాకు బాధ కలిగిస్తుంది.

నౌకాదళంలో ఆయనకు ఎదురైనది ఆయన జీవితంలోకెల్లా పెద్ద పాఠం. 1648లో యుద్ధం మళ్లీ రాజుకుంది, మేలో కెంట్ తీరంలో రాజు పక్షాన తిరుగుబాటు లేచింది. డౌన్స్ అనే లంగరుచోట ఉన్న ఓడల్లో నావికులు తమ వైస్ అడ్మిరల్‌ను తిరిగి ఓడ ఎక్కనివ్వలేదు. ఆయనకు ముందున్న విలియం బాటెన్ వాళ్లకు ఇష్టుడు, ఆయన్ని బలవంతంగా దించారు. ఈయన సైన్యం పంపిన మనిషి, పైగా గర్విష్ఠి అని వాళ్ల ఫిర్యాదు. వాపింగ్ బిడ్డను, నావికుడి కొడుకును నావికులే కాదన్నారు. పాలించేవాడికి పాలితుల సమ్మతి కావాలని పట్నీలో చెప్పిన మనిషికి ఏడు నెలలకే డౌన్స్ నావికులు తమ సమ్మతి లేదని చెప్పారు. కొన్ని ఓడలు హాలండ్ వెళ్లి యువరాజు పక్షాన చేరాయి. పార్లమెంటు ఎర్ల్ ఆఫ్ వారిక్‌ను తెచ్చి నౌకాదళాన్ని నిలబెట్టుకుంది.

ఆయన మళ్లీ నేల మీదికి, కోల్‌చెస్టర్ ముట్టడికి వెళ్లాడు. జూన్ మధ్య నుంచి ఆగస్టు 28 దాకా సాగిన ఆ ముట్టడి ఈ రెండో యుద్ధంలో చీకటి అధ్యాయం. ఊళ్లో జనం గుర్రాలను, కుక్కలను, పిల్లులను తిన్నారు. ఆకలితో బయటికి వస్తామన్న ఆడవాళ్లను ముట్టడిదారులు రానివ్వలేదు. లొంగిపోయిన సాయంత్రమే ఊరిని కాపాడిన రాజపక్షపు సేనానులు సర్ చార్లెస్ లూకస్‌ను, సర్ జార్జ్ లైల్‌ను కాల్చి చంపారు. అక్కడున్న కర్నళ్లలో ఐర్టన్‌తో పాటు రెయిన్స్‌బరో కూడా ఉన్నాడు. పట్నీలో ఎదురెదురుగా నిలబడిన ఇద్దరూ ఆ సాయంత్రం ఒకే వైపు. రెయిన్స్‌బరోను ప్రేమించేవాళ్లు ఈ భాగాన్ని చెప్పకుండా దాటేస్తారు. కోల్‌చెస్టర్ జనాన్ని ఎవరూ ఏమీ అడగలేదు, రాజపక్షమూ అడగలేదు, పార్లమెంటు పక్షమూ అడగలేదు. ఆ ఆకలికి ఆయన వంతు బాధ్యత ఉంది.

తర్వాత రాజపక్షం చేతిలో ఉన్న పాంటిఫ్రాక్ట్ కోట ముట్టడికి ఆయన్ని పంపారు. అక్కడ ఇదివరకే ముట్టడి నడుపుతున్న సర్ హెన్రీ చోమ్లీ అధికారం అప్పగించనన్నాడు. తగవు తేలేదాకా రెయిన్స్‌బరో డాంకాస్టర్ పట్టణంలో బస చేశాడు. 1648 అక్టోబర్ 29 ఉదయం, పట్నీ వాదన జరిగి సరిగ్గా ఏడాదికి, కోటలోంచి కెప్టెన్ విలియం పాల్డెన్ నాయకత్వాన ఒక చిన్న గుర్రపు దండు వచ్చింది. క్రామ్‌వెల్ దగ్గర్నుంచి ఉత్తరం తెచ్చామని చెప్పి బసలోకి వెళ్లారు. తమ సేనాని సర్ మార్మడ్యూక్ లాంగ్‌డేల్ పార్లమెంటు చెరలో ఉన్నాడు, ఆయనకు బదులుగా ఈయన్ని ఎత్తుకుపోవాలని వాళ్ల ఎత్తు. వీధిలోకి తెచ్చాక తనను పట్టుకున్నవాళ్లు కొద్దిమందే అని చూసి రెయిన్స్‌బరో ఎదురు తిరిగాడు. అక్కడే పొడిచి చంపారు.

నవంబర్ 14న శవం లండను చేరింది. లెవెలర్ల పిలుపు మీద వేల మంది వచ్చారు. ఇస్లింగ్టన్, స్మిత్‌ఫీల్డ్, చీప్‌సైడ్ మీదుగా ఊరేగింపు సాగి వాపింగ్ చేరింది. టోపీలకు సముద్రపు ఆకుపచ్చ రంగు రిబ్బన్లు. ఆ రోజు తర్వాత ఆ రంగు లెవెలర్ల గుర్తయింది. తర్వాతి వసంతంలో రాబర్ట్ లాకియర్ అనే సిపాయిని కాల్చి చంపినప్పుడు మళ్లీ అదే రంగు లండను వీధుల్లో కనిపించింది. 1649 జనవరి 30న రాజు తల నరికారు. ఆ మే నెలలో బర్‌ఫర్డ్‌లో లెవెలర్ సిపాయిల తిరుగుబాటును క్రామ్‌వెల్ అణిచేశాడు.

పట్నీలో జరిగింది మనకెలా తెలిసింది? సైన్యం కార్యదర్శి విలియం క్లార్క్ కూర్చుని, మాట్లాడినవాళ్ల మాటలు సంక్షిప్త లిపిలో రాసుకున్నాడు. రాజరికం తిరిగొచ్చాక ఆ నోట్సును సాపు రాశారు. ఆయన కొడుకు జార్జ్ ఆ కాయితాలను ఆక్స్‌ఫర్డ్‌లోని వూస్టర్ కాలేజీకి ఇచ్చాడు. అక్కడ అవి నిద్రపోయాయి. చార్లెస్ ఫర్త్ అనే చరిత్రకారుడు 1891లో అచ్చు వేసేదాకా, దాదాపు 240 ఏళ్లు రెయిన్స్‌బరో అంటే రాజపక్షంవాళ్లు చంపిన ఒక కర్నల్ మాత్రమే. 1832, 1867, 1884 సంస్కరణల కోసం పోరాడిన ఇంగ్లండు శ్రామికులు ఆయన వాదన చదవకుండానే, వాళ్ల అనుభవంలోంచి అదే వాదన చేశారు.

1914లో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు కూడా బ్రిటన్‌లో వయోజన పురుషుల్లో అందరికీ ఓటు లేదు. 1916లో నిర్బంధ సైనిక సేవ వచ్చింది. ఓటు లేనివాణ్ణి కందకంలోకి పంపడమేమిటన్న ప్రశ్న మళ్లీ లేచింది. 1918 చట్టం పురుషులందరికీ ఓటిచ్చింది, యుద్ధంలో పనిచేసినవాడికి పంతొమ్మిదేళ్లకే. మగవాళ్లతో సమానంగా ఆడవాళ్లకు 1928 దాకా రాలేదు.

ఐర్టన్ వాదన సముద్రం దాటి మనదాకా కూడా వచ్చింది. 1920లో మద్రాసు శాసనమండలికి జరిగిన ఎన్నికల్లో ఓటు ప్రధానంగా పన్ను కట్టేవాడికి, భూమి ఉన్నవాడికి. 1935 చట్టం ఆ గీతను వెడల్పు చేసింది తప్ప చెరపలేదు. 1946లో కృష్ణా డెల్టాలోనో రాయలసీమలోనో భూమి లేని కూలీకి ఓటు లేదు, సంస్థానాల సంగతి చెప్పనే అక్కర్లేదు. అలా ఎన్నికైన శాసనసభలు పంపిన ప్రతినిధులే రాజ్యాంగ సభలో కూర్చుని, 326వ అధికరణంలో ఆస్తి అర్హతను పూర్తిగా తీసేశారు. తమను ఎన్నుకోని కోట్ల మందికి ఓటిచ్చారు. 1951–52 ఎన్నికల జాబితాలో దాదాపు 17 కోట్ల 30 లక్షల పేర్లున్నాయి.

ఈ సభలో యువ అనువాదకులు ఉన్నారు, వాళ్లకొక విన్నపం. పట్నీలో క్లార్క్ రాసుకున్న మూడు రోజుల వాదనలను తెలుగులోకి తీసుకురండి. మాస్టారి పేరిట ఉన్న నిధి నుంచి అచ్చు ఖర్చు భరించడానికి కమిటీ సిద్ధంగా ఉందని అధ్యక్షులవారు ఇందాక నాతో అన్నారు. ఎంపిక చేసిన భాగాలు వద్దు. రెయిన్స్‌బరో ఉపన్యాసం ఒక్కటే వద్దు. ఐర్టన్ చెప్పిన ప్రతి మాట, క్రామ్‌వెల్ విసుగు, సెక్స్‌బీ కోపం, నౌకర్లను పక్కనపెట్టడానికి పెట్టీ చెప్పిన కారణం, క్లార్క్‌కు వినపడక వదిలేసిన ఖాళీలు, అన్నీ ఉన్నవున్నట్టు రావాలి.